గుంటల యంజ్మా

కొండలకింకా పేర్లు పెట్టని రోజుల్లో, మబ్బులకింకా దారులు తెలియని రోజుల్లో, మనుషులకి మాత్రం అప్పటికే దొరలు పుట్టేసిన రోజుల్లో, మంగోలు దేశంలో పసుపుగడ్డి సీమ అని ఒక సీమ ఉండేది.

ఉత్తరాన ఏరు. దక్షిణాన ఇసుక. మధ్యలో ఎటు చూసినా గడ్డే. గుర్రమెక్కి పొద్దున బయల్దేరితే పొద్దుగూకేదాకా గడ్డే. గడ్డి ఉంది గానీ నీళ్ళు లేవు. ఉన్న ఒక్క ఏరూ దొరది.

ఆ గడ్డిలో యంజ్మా అని ఒక పేదరాలు ఉండేది. ఒక చిరుగుల ఉన్ని గుడారం, నాలుగు మేకలు, ఒక మొగుడు, మొగుడి తమ్ముడు గోంబో. గోంబోకి తల్లి లేదు. పాలు తాగే వయసు నుంచీ వాణ్ణి యంజ్మాయే పెంచింది.

ఒక ఎండాకాలం మొగుడికి జ్వరం తగిలింది. "నీళ్ళు" అన్నాడు. యంజ్మా తోలుసంచి భుజాన వేసుకుని ఏటికి పరిగెత్తింది. కావలివాళ్ళు అడ్డం నిలబడ్డారు.

"ముందు దొరగారి గుర్రాలు తాగాలి" అన్నారు.

ముందు నల్ల గుర్రాలు తాగాయి. తర్వాత ఎర్ర గుర్రాలు తాగాయి. ఆ తర్వాత తెల్ల గుర్రాలు తాగాయి. యంజ్మా నిలబడే ఉంది. ఆమె నీళ్ళు తీసుకుని ఇంటికొచ్చేసరికి మొగుడు నోరు తెరుచుకుని పోయి ఉన్నాడు. నాలుక చెక్కలా ఎండిపోయింది. తెచ్చిన నీళ్ళతో ఆమె శవం మొహం కడిగింది.

మర్నాడు గుడారం మేకులు దిగ్గొట్టే ఇనప పలుగు తీసుకుని యంజ్మా నేల తవ్వడం మొదలుపెట్టింది.

ఆ సీమలో నేల తవ్వడం మహాపాపం. పెద్దలంతా పరిగెత్తుకొచ్చారు. "నేలకి గాయం చేస్తావా? కిందున్న దేవతలకి కోపం రాదూ?"

"మా ఆయన నోరెండి పోయినప్పుడు ఆ దేవతలెక్కడున్నారు?" అంది యంజ్మా. పలుగు ఆపలేదు.

జనం ఆమెకి గుంటల యంజ్మా అని పేరు పెట్టారు. ఆమె గుడారంలో టీ తాగడం మానేశారు. ఆమె నీడ తొక్కడం మానేశారు. కానీ గుంటలో నీళ్ళు పడ్డాయని తెలిసిన రోజున తోలుసంచులు పట్టుకుని అందరికన్నా ముందు వాళ్ళే వచ్చారు. "తల్లీ, నువ్వు చల్లగా ఉండాలి" అన్నారు.

అది మొదటి బావి.

గడ్డి పండకముందే దొర మనిషి గుర్రమెక్కి వచ్చాడు.

"ఈ నేల ఎవరిది?"

"దొరగారిది."

"నేల దొరగారిదైతే నేల కిందున్న నీళ్ళు ఎవరివి?"

యంజ్మా వెనక్కి తిరిగి జనం వంక చూసింది. ఆ నీళ్ళు తాగిన నోళ్ళే అన్నీ. ఎవరూ నోరు విప్పలేదు.

యంజ్మా పలుగు భుజాన వేసుకుని ఇంకో చోటికి పోయింది. రెండో బావి తవ్వింది. ఈసారి షరవ్ వచ్చాడు. ఆ సీమలో దొర తర్వాత అంత మంద ఉన్నవాడు అతనే. అతను దర్పంగా రాలేదు, నవ్వుతూ వచ్చాడు.

"నీ బావి నీదే అత్తా. నా గొర్రెలు దారినపోతూ నాలుగు గుక్కలు తాగిపోతాయి, అంతే."

గొర్రెలొచ్చాయి. గొర్రెల వెనక ఆవులొచ్చాయి. ఆవుల వెనక ఒంటెలొచ్చాయి. చివరికి యంజ్మా మేకలు మూతి పెట్టడానికి సందు లేకపోయింది. అడిగితే షరవ్ కాపర్లు కర్రలెత్తారు. జనం చూస్తున్నారు. సగంమంది షరవ్ ఆవులకి పాలు పితికి బతికేవాళ్ళు, మిగతా సగం రేపు పితుకుదామని ఆశపడేవాళ్ళు. ఎవరూ నోరు విప్పలేదు.

యంజ్మా మళ్ళీ పలుగు ఎత్తింది. ఈసారి గోంబో ఎదురొచ్చాడు. అప్పటికి పెళ్ళయి పిల్లలున్నవాడు.

"వదినా, ఒక్కదానివీ తవ్వితే ఎవడో ఒకడు లాక్కుంటాడు. అందరం తవ్వుదాం. అందరిదీ అందాం. అప్పుడెవడు లాక్కుంటాడు?"

యంజ్మా మొహం విప్పారింది. మొగుడు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. అందరూ తవ్వారు. ఆడవాళ్ళు మట్టి మోశారు, మగవాళ్ళు రాళ్ళు పేర్చారు, ముసలివాళ్ళు గుర్రపు వెంట్రుకలతో పొడుగాటి తాడు పేనారు. నీళ్ళు పడ్డ రోజున పాలు చిలకరించి "ఇది అందరిదీ" అని ఒట్టు పెట్టుకున్నారు. అది మూడో బావి. చాలా ఏళ్ళు అందరూ తాగారు.

తర్వాత పెద్ద కరువొచ్చింది. ఏరు సన్నబడింది. ఒకరోజు యంజ్మా బావి దగ్గరికొచ్చి చూస్తే దాని మీద చెక్కమూత ఉంది.

"మూతెందుకురా గోంబో?"

"దుమ్ము పడకుండా వదినా."

కొన్నాళ్ళకి మూత మీద బండ పెట్టారు. ఇంకొన్నాళ్ళకి బండ పక్కన మనిషిని పెట్టారు.

అప్పుడు దక్షిణాన ఇసుకలోంచి ఒక గుంపు వచ్చింది. ఒంటెల మూపురాలు పక్కకి వాలిపోయాయి. పిల్లలకి ఏడవడానికి కూడా తడి లేదు. ముందు నడుస్తున్న ఆమె పేరు చిమెద్. "పెద్దలకి ఇవ్వకండి. పిల్లలకి ఒక్కో గుక్క ఇవ్వండి" అని చేతులు జోడించింది.

గోంబో వెళ్ళి మూత మీద కూర్చున్నాడు. "ఇది మా బావి."

"అందరిదీ అన్నాం కదరా" అంది యంజ్మా.

"అందరిదీ అంటే మనందరిదీ వదినా. దారినపోయే వాళ్ళందరిదీ కాదు."

యంజ్మా జనం వంక చూసింది. అందరూ ఆమె చేతి నీళ్ళు తాగినవాళ్ళే. ఎవరూ నోరు విప్పలేదు.

యంజ్మా తన వంతు నీళ్ళు తెచ్చి ఆ పిల్లల నోళ్ళలో పోసింది. పలుగు భుజాన వేసుకుంది.

"వదినా, వాళ్ళతో పోతే మళ్ళీ ఈ బావి దగ్గరికి రావద్దు" అన్నాడు గోంబో.

ఆమె పోయింది.

ఇసుక అంచున ఒక పల్లంలో తవ్వడం మొదలుపెట్టింది. అప్పటికి ముసలిదైపోయింది. పలుగెత్తితే మోచేతులు వణికేవి. "అమ్మా, నువ్వు పైన కూర్చో, మేం దిగుతాం" అంది చిమెద్.

"ఇసుక మాట వినదమ్మా. పిల్లలున్న దానివి, నువ్వు దిగొద్దు" అని యంజ్మాయే దిగింది.

నిలువులోతు దాటాక లోపల్నుంచి కేక వినిపించింది. "తడి తగిలింది!"

తోలు బొక్కెనలో తడి ఇసుక పైకొచ్చింది. చిమెద్ దాన్ని పిల్లల పెదాలకి రాస్తూ ఉండగానే గుంట అంచు విరిగి లోపలికి జారింది. యంజ్మా గుండెల దాకా కూరుకుపోయింది.

చిమెద్ వాళ్ళ తాడు పాతది. వేసి లాగితే పుటుక్కున తెగింది. చిమెద్ మొగుడు ఒంటెనెక్కి మూడో బావికి పరిగెత్తించాడు.

"తాడు ఇవ్వండి. మీ యంజ్మా కూరుకుపోయింది!"

గోంబో తాడు వంక చూశాడు, వరసగా నిలబడ్డ మంద వంక చూశాడు. "ఇప్పుడు తాడిస్తే గొర్రెలకి నీళ్ళెలా తోడేది? మంద తాగనీ. తాగాక తీసుకెళ్ళు."

అక్కడ చిమెద్ గుంట అంచున బోర్లా పడుకుని చెయ్యి చాపింది. చెయ్యి అందలేదు. "అమ్మా, ఓర్చుకో."

"తాడొస్తుందిలే" అంది యంజ్మా లోపల్నుంచి. "మా మరిదే కదా. నా ఒళ్ళో పెరిగినవాడు."

ఇసుక భుజాల దాకా వచ్చింది. "వాడికి పరిగెత్తడం నేనే నేర్పాను" అంది. ఇసుక మెడ దాకా వచ్చింది. "వస్తాడు" అంది. ఆ తర్వాత మాట లేదు.

మంద తాగాక తాడొచ్చింది. లోపల దాన్ని పట్టుకునే చెయ్యి లేదు.

కనీసం శవాన్నైనా తీద్దామని చిమెద్ వాళ్ళు పక్కనుంచి తవ్వారు. పలుగులు లేక చేతులతో తవ్వారు. తవ్వుతూ ఉంటే గుంటలో నీళ్ళు ఊరాయి. చల్లటి, తియ్యటి నీళ్ళు. ఆమె దొరకలేదు. నీళ్ళు దొరికాయి.

గడ్డి ఎర్రబడే కాలానికి మూడో బావి ఎండిపోయింది. గోంబో తన జనాన్నీ మందనీ తోలుకుని ఇసుక అంచుకొచ్చాడు. చిమెద్ ఒక్క మాటా అడగలేదు. బొక్కెన నింపి అతని ముందు పెట్టింది.

"మా వదిన..." అన్నాడు గోంబో.

"మీ వదిన కిందే ఉంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. తాగు."

గోంబో తాగాడు. ఏం చేస్తాడు మరి, దాహం. అందరూ తాగారు. ఆ రోజు కూడా ఎవరూ నోరు విప్పలేదు, తాగడానికి తప్ప.

అదండీ జరిగింది. ఇప్పటికీ ఆ సీమలో దారి అడిగితే, దొర బావి దాటి ఎడమకి తిరుగు అంటారు, షరవ్ బావి దగ్గర గుర్రానికి నీళ్ళు పెట్టుకో అంటారు. తవ్విన మనిషి పేరు మాత్రం ఏ బావికీ లేదు.

కానీ అక్కడ బావి తాడు ఎవరూ ఇంటికి తీసుకుపోరు. పగలైనా రాత్రైనా అది గట్టు మీదే ఉండాలి. తోడినవాళ్ళు ముందు తాగరు. పక్కన కొత్తమనిషి ఉంటే ముందు వాళ్ళకిస్తారు. తెలియక ఏ చిన్నపిల్లో బావి మీద చెక్క ఏదైనా అడ్డం పెడితే, గుడారంలోంచి తల్లి కేకేస్తుంది.

"మూత తియ్యవే! ఆ ముసల్దాన్ని మళ్ళీ పూడుస్తావా?"