జులేఖాబీ గోరీ మీది పలక

ఉస్తాద్ కరీముల్లాకు వాదించే అలవాటు లేదు. శిష్యుడు గట్టి ప్రశ్న వేస్తే చెప్పులు వేసుకుని బయలుదేరేవారు. అడిగినవాడు వెంట నడవాల్సిందే. చాలాసార్లు ఆ నడక పెన్న ఒడ్డున, కోటగోడ కింద ఉన్న పాత ఖబరస్తాన్‌లో ఆగేది.

ఆ రోజు అడిగినవాడు గౌస్ మొహిద్దీన్. ఊళ్ళో తక్కువగా చూసే దూదేకులవాళ్ళ పిల్లల్ని మదరసాలో చేర్చుకోమని పెద్దల ముందు మాట్లాడి, చీవాట్లు తిని వచ్చాడు. "ఊరంతా కాదన్నాక నేనొక్కణ్ణి ఔనంటే ఏం లాభం, ఉస్తాద్?" అన్నాడు.

ఆయన అతన్ని గోరీల మధ్యకు తీసుకెళ్ళారు. మగవాళ్ళ గోరీల మీద కలాలు దాచుకునే పెట్టెలాంటి సన్నని రాతి దిమ్మె ఉంటుంది. ఆడవాళ్ళ గోరీల మీద ఉత్త పలక. అలాంటి ఒక పలక పక్కన కూర్చుని, "ఇక్కడున్నది జులేఖాబీ" అంటూ ఆయన చెప్పసాగారు.

జులేఖాబీ పాతకాలంలో ఈ ఊరి ఆడపిల్లలకు చదువు చెప్పింది. ఆడపిల్లకు చదవడం నేర్పితే తప్పులేదుగాని రాయడం నేర్పకూడదని అప్పటి కట్టడి. రాయడం వస్తే ఎవరికి ఏం రాస్తుందోనని భయం. అందుకని ఆమె చదువు తలుపు తీసి చెప్పేది, రాత తలుపు వేసి నేర్పేది.

ఆమె పోయాక శిష్యురాలు రహమత్‌బీ రాళ్ళు చెక్కే అతని దగ్గరికి వెళ్ళి, మా ఉస్తానీ గోరీ మీద కలాలపెట్టె చెక్కమని అడిగింది. అతను భయపడి ఖాజీకి చెప్పాడు. ఖాజీ ఆమెను పిలిపించాడు.

"కలం మగవాడిది. ఆడదానికి పలక. రాసేవాడు అతను, రాయించుకునేది ఆమె. ఆ రాళ్ళకు అర్థం అదే."

"సరే, పలకే పెట్టించండి" అంది రహమత్‌బీ. దారికొచ్చిందనుకుని ఖాజీ సంతోషించాడు.

పలక పెట్టిన మర్నాడు పొద్దున్నే, అందరూ చూస్తుండగా ఆమె బొగ్గుముక్కతో దానిమీద రాసింది: 'జులేఖాబీ నాకు రాయడం నేర్పింది. రహమత్‌బీ.'

ఖాజీ దాన్ని ఇసుకతో రుద్దించి కడిగించాడు. ఆమె ఇంటికి ఎవరూ నిప్పూ నీళ్ళూ ఇవ్వకూడదని చాటించాడు. ఆమె మళ్ళీ వచ్చి రాసింది. ఈసారి దాని కింద ఇంకొకామె పేరు, ఆ కింద మరొకామె పేరు వెలిశాయి. ఎవరి పేరు వాళ్ళే రాసుకున్నారు. పేరు రాయడమంటే తనకు రాత వచ్చని ఊరికి చెప్పుకోవడమే. ఆ పేర్ల వల్ల ఒక పిల్లకు కుదిరిన నిఖా తప్పిపోయింది. ఒకామెను మొగుడు పుట్టింటికి తోలేశాడు. అయినా పేర్లు ఆగలేదు.

చివరికి కడగడానికి మనిషి దొరక్క ఖాజీయే నీళ్ళకుండ ఎత్తుకుని వెళ్ళాడు. కడుగుతూ కడుగుతూ అడుగున ఉన్న పేరు దగ్గర చెయ్యి ఆపాడు. హమీదా. తన కూతురు. ఆ పిల్ల చేతిరాత ఆయన అంతవరకు చూసి ఎరగడు. ఆ పేరు కూడా కడిగేసి ఇంటికి వచ్చాడు.

"అది నువ్వు రాసిందేనా?"

"నేనే, అబ్బాజాన్. తుడిచేశారా?"

"తుడిచేశాను."

"రేపు మళ్ళీ రాస్తాను" అని, హమీదా ఆయనకు అన్నం వడ్డించింది.

ఉస్తాద్ అంతటితో ఆపారు. గౌస్ ఆగలేక అడిగాడు.

"అప్పుడైనా ఖాజీ మెత్తబడ్డాడా?"

"లేదు. ఓపిక ఉన్నంతకాలం కడుగుతూనే ఉన్నాడు."

గౌస్ వంగి పలక మీద ఎండుటాకులు తోశాడు. ఒక్క అక్షరం లేదు. "ఇప్పుడు ఇక్కడేమీ లేదు కదా, ఉస్తాద్" అన్నాడు, కొంచెం దిగులుగా.

"చేత్తో తడిమి చూడు."

గౌస్ తడిమాడు. రాయి నడిమధ్య దోసిలంత గుంట పడి ఉంది. పక్క గోరీల పలకలు తడిమితే అన్నీ చదునుగానే ఉన్నాయి.

ఉస్తాద్ లేచి బట్టలకంటిన దుమ్ము దులుపుకున్నారు.

"తుడిచిన చేతికి అరిగిందో, రాసిన చేతికి అరిగిందో నువ్వే చెప్పు" అన్నారు.