పానకాలు గారి అనుమతి

మంగతాయారుకి యాభై రెండేళ్ళు. పక్క వీధి కుళాయి నుంచి మోసుకొచ్చిన బిందె గుమ్మంలో దింపిన ప్రతిసారీ, అది ఎన్నోదో పైకి చెప్పడం ఆమెకు అలవాటు. రోజుకి ఆరు బిందెలు.

ఆమె ఉండే వీధి పేరు జ్ఞాననగర్. పదకొండు ఇళ్ళు. ఊళ్ళో తెలివైనవాళ్ళంతా అక్కడే చేరారని ఆ వీధి మగవాళ్ళకి గట్టి నమ్మకం. ఆడవాళ్ళ అభిప్రాయం ఎవరూ అడగలేదు.

"మిగతావాళ్ళవి మున్సిపాలిటీ వీధులు. మనది మన సొంతం," అనేవాడు కాలనీ సంఘం అధ్యక్షుడు పానకాలు. మంగతాయారు మొగుడు ఈయనే.

సొంత వీధి కనక మున్సిపాలిటీ కుళాయి వెయ్యలేదు, దీపం పెట్టలేదు, చెత్తబండి పంపలేదు.

"చీకటి కూడా మన సొంతమే," అంది మంగతాయారు.

"చూశారా, మా ఆవిడ కూడా ఒప్పుకుంది!" అని పానకాలు మురిసిపోయాడు.

వీధి మొదట్లో సంఘం ఒక బోర్డు పాతింది. 'ప్రైవేటు వీధి. అధ్యక్షుడి అనుమతి లేనిదే లోపలికి రారాదు.' రాసింది రాసినట్టు పాటించాలని తీర్మానం కూడా చేశారు. అంతే. పాలవాడైనా, పోస్టుమనైనా, కొత్తల్లుడైనా బోర్డు దగ్గర నిలబడి కేకెయ్యాల్సిందే. లోపల అరుగు మీద నుంచి పానకాలు "రావచ్చు" అనాల్సిందే. నీళ్ళు మోసే ఆడవాళ్ళకి మాత్రం పొద్దున్నే రోజు మొత్తానికీ కలిపి ఒకేసారి "రావచ్చు" అనేసేవాడు. బిందె బిందెకీ అంటే గొంతు నొప్పి పుడుతుందని.

ఒకరోజు ఆయన వంకాయలకని బజారుకెళ్ళాడు. తిరిగొచ్చి బోర్డు దగ్గర ఆగిపోయాడు. అధ్యక్షుడు లోపల లేడే! మరి అనుమతి ఎవరిస్తారు?

కార్యదర్శి బాపనయ్య లోపల నుంచి చూసి తల గోక్కున్నాడు. "పెద్ద చిక్కే వచ్చిందండీ."

ఎండెక్కింది. వంకాయలు వాడిపోయాయి. నాలుగో బిందెతో మంగతాయారు వచ్చింది.

"ఏవండీ, ఇక్కడ నిలబడ్డారేం?"

"అధ్యక్షుడి కోసం చూస్తున్నానే."

ఆమె ఖాళీ చేత్తో ఆయన చొక్కా పట్టుకుని ఇంటిదాకా లాక్కెళ్ళింది. బిందె దింపి, "నాలుగు," అంది.

సాయంత్రం సంఘం మరో తీర్మానం చేసింది: ఇకమీదట ఆడవాళ్ళు ఎవరినీ వీధిలోకి లాగరాదు.

ఆ వేసవిలో మున్సిపాలిటీవాళ్ళు పక్క వీధిలో కొత్త పైపులు దించారు. మంగతాయారు ఆఫీసుకెళ్ళి కనుక్కొచ్చింది.

"మన వీధిని మున్సిపాలిటీకి అప్పగిస్తే మనకీ కుళాయిలు వేస్తారట. వచ్చే శుక్రవారమే గడువు. దాటితే మళ్ళీ మూడేళ్ళకి. నా నడుం మూడేళ్ళు ఆగదు."

సంఘం కూర్చుంది.

"అప్పగించడమంటే ఎట్లా?" అన్నాడు పానకాలు.

"మొన్న గేదెని అమ్మినప్పుడు తోలుకెళ్ళి అప్పగించానండీ," అన్నాడు బాపనయ్య.

"వీధి నడవదు కదయ్యా."

"అయితే మోసుకెళ్ళాలి."

ఇంకేముంది! గునపాలొచ్చాయి, పారలొచ్చాయి. ఈ చివర నుంచి ఆ చివరిదాకా వీధిని తవ్వి ట్రాక్టరుకెత్తారు. ఏడు ట్రక్కుల వీధిని తీసుకెళ్ళి మున్సిపల్ ఆఫీసు గేటు ముందు పోశారు.

గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. "ఏందయ్యా ఈ మట్టి?"

"మట్టి కాదండీ, జ్ఞాననగర్ వీధి. మొదలు ఇటుంది, చివర అటుంది. చూసుకుని రసీదు ఇప్పించండి."

గుమాస్తా నెత్తి కొట్టుకున్నాడు. "వీధి ఎక్కడిదక్కడే ఉండాలయ్యా! కాగితం మీద ఇస్తే చాలు!"

"ఆ ముక్క ముందే చెప్పొద్దా!" అని పానకాలు కసిరాడు.

అంతే. ఏడు ట్రక్కులూ వెనక్కి తెచ్చారు. అక్కడ వీధే లేదు కనక ఆరోజు లోపలికెళ్ళడానికి ఎవరికీ అనుమతి అక్కర్లేకపోయింది. పదకొండిళ్ళ పాత పేపర్లు పోగేసి, తవ్విన గోతిలో నీటుగా పరిచి, వాటి మీద వీధిని పోశారు. "ఇప్పుడు మన వీధి కాగితం మీదే ఉంది," అని చేతులు దులుపుకున్నారు.

ఆ మర్నాడు వాన పడింది. కాగితం నాని, వీధి దిగబడింది. అయిదో బిందెతో వస్తున్న మంగతాయారు మోకాలిదాకా కూరుకుని, బిందెతో సహా పడింది. బురదలో కూర్చునే, "అయిదు," అంది.

లేచి కాళ్ళు కడుక్కుని, తెల్లకాగితం తీసి దరఖాస్తు రాసింది. ఇళ్ళన్నీ ఆడవాళ్ళ పేర్ల మీదే ఉన్నాయి. అలా అయితే కలిసొస్తుందని జాతకాలాయన చెప్పగా మగవాళ్ళే రాయించారు. పదకొండు మందిచేత సంతకాలు పెట్టించుకుని వెళ్ళింది. మున్సిపల్ ఇంజనీరు ఒకావిడ. చదివి తల ఊపింది. "శుక్రవారం పదింటికి వస్తాను. వీధిలోకొచ్చి కొలుచుకుని, అక్కడే సంతకం పెడతాను. ప్రైవేటు వీధి కదమ్మా, మీవాళ్ళు రమ్మంటేనే నేను అడుగు పెట్టాలి."

"రమ్మంటారు," అంది మంగతాయారు.

శుక్రవారం వచ్చింది. ఇంజనీరమ్మకి ఎదురెళ్ళి దండ వెయ్యడం మర్యాద అన్నాడు పానకాలు. పదకొండు మంది మగవాళ్ళూ ఇస్త్రీ చొక్కాలేసుకుని బోర్డు దాటి బయటికెళ్ళి నిలబడ్డారు. పదింటికి జీపు వచ్చింది. దండ వేశారు. ఆవిడ టేపు చేతపట్టుకుని బోర్డు వైపు అడుగేసింది. పానకాలు చెయ్యి అడ్డంపెట్టాడు.

"ఆగండమ్మా. అధ్యక్షుడి అనుమతి కావాలి."

"అధ్యక్షుడెవరు?"

"నేనే."

"అయితే ఇవ్వండి."

"లోపల ఉంటే ఇద్దునమ్మా. బయట ఉన్నానుగా."

"లోపలికెళ్ళి ఇవ్వండి."

"నాకెవరిస్తారు అనుమతి?"

లోపల నుంచి మంగతాయారు కేకేసింది. "నేనిస్తున్నానండీ మేడం! పదకొండిళ్ళవాళ్ళం ఇస్తున్నాం! రండి!"

"ఆవిడ సంఘంలో సభ్యురాలు కాదండీ," అన్నాడు బాపనయ్య.

మంగతాయారు విసవిసా వచ్చి మొగుడి చొక్కా అందుకోబోయింది. పానకాలు వెనక్కి గెంతాడు. "తీర్మానం ఉందే! లాగకూడదు!"

ఇంజనీరమ్మ గడియారం చూసుకుంది. ఇంకో మూడు వీధులు చూడాలి. మెడలోంచి దండ తీసి పానకాలు చేతిలో పెట్టింది. దరఖాస్తు మీద 'వీధిలోకి రానివ్వలేదు' అని రాసుకుని జీపెక్కింది.

మధ్యాహ్నమైంది. మగవాళ్ళకి ఆకలి దంచుతోంది. ఇళ్ళల్లోంచి పప్పు తాలింపు వాసన వస్తోంది. లోపలికెళ్ళడం ఎలా?

"నా వల్లే కదా ఇబ్బంది. అధ్యక్షుణ్ణి మారుద్దాం," అన్నాడు పానకాలు.

అందరూ ఆయన త్యాగానికి చప్పట్లు కొట్టారు. అక్కడికక్కడే చేతులెత్తి బాపనయ్యని ఏకగ్రీవంగా అధ్యక్షుణ్ణి చేశారు. దండ ఆయన మెడలో వేశారు. బాపనయ్య గర్వంగా గొంతు సవరించుకుని, వీధి వైపు ఒకడుగు వేసి, బోర్డు చదివి ఆగిపోయాడు.

ఆయనా బయటే ఉన్నాడు.

మంగతాయారు పక్క వీధి నుంచి నిండు బిందెతో వచ్చి, వాళ్ళని దాటుకుంటూ వెళ్ళి, బిందె గుమ్మంలో దింపి, "ఆరు," అంది.

రెండు నెలల తర్వాత ఆమె తన పేరున ఉన్న ఆ ఇల్లు అమ్మేసి, పక్క వీధిలో కుళాయి ఉన్న ఇల్లు కొనుక్కుంది.