కుండ ఖాళీ చేసిన నక్క

కొండవాలు అడవిలో వైద్యం చూసే ఏనుగు తాతకు చూపు మందగించింది. తన తర్వాత ఆ పని చేసేవాళ్లను పరీక్ష పెట్టి ఎంచుకుంటానన్నాడు. కళ్లకు గంతలు కట్టుకుని, వాసన బట్టి ఏ ఆకు ఏ జబ్బుకో చెప్పాలి. అందరికంటే ముందు పేరిచ్చింది చిగురు అనే కుందేలు. పోయిన వానల్లో ఏ ఆకు వేయాలో ఎవరికీ తెలియక దాని చెల్లెలు జ్వరంతో పోయింది.

చిగురు తిండీ నిద్రా మానేసి ఆకులు వల్లె వేసింది. వేసేకొద్దీ అన్నీ కలగాపులగమయ్యాయి. వావిలాకుకీ వేపాకుకీ తేడా తెలియని రోజున కూర్చుని ఏడ్చేసింది.

అది చూసిన గేదె సీతాలు దాన్ని తన పాకకు తీసుకెళ్లింది. నీళ్లు మరిగించి, తులసి ఆకులు, కాస్త నిమ్మగడ్డి, అల్లం ముక్క వేసి మూతపెట్టి దించింది.

"మెల్లగా తాగు తల్లీ. తాగినంతసేపూ ఆకుల ఊసెత్తకు. తర్వాత హాయిగా పడుకో," అంది.

ఆవిరి ముఖానికి తగులుతుంటే చిగురుకు బిగుసుకున్న ఒళ్లు సడలింది. రోజూ సాయంత్రం ఆ కషాయం కాచుకుని తాగడం, వేళకు నిద్రపోయి పొద్దున్నే చదవడం అలవాటు చేసుకుంది. చదివింది మెల్లగా నిలవసాగింది.

నక్క కనకయ్యా పరీక్షకు పేరిచ్చాడు కానీ ఒక్క ఆకూ ముట్టలేదు. చిగురు నెమ్మది చూసి అతనికి అనుమానమొచ్చింది.

"ఆ కుండలో ఏం మందు కలుపుతున్నావమ్మాయ్?"

"తులసి, నిమ్మగడ్డి, అల్లం, మామా. మనసు కుదుటపడుతుంది, అంతే. ఆకుల సంగతి నేనే నేర్చుకోవాలి."

అసలు మాట దాస్తోందనుకున్నాడు కనకయ్య. పరీక్ష రోజు చిగురు కషాయం కాచిపెట్టి ఏటికి వెళ్లగానే దాని ఇంట్లో దూరి, కుండెడు కషాయం గటగటా తాగేశాడు.

ఖాళీ కుండ చూసి చిగురు గుండె ఝల్లుమంది. కాసేపు కళ్లు మూసుకుని, నేర్చుకున్న ఆకులను ఒక్కొక్కటే తలుచుకుంది. అన్నీ గుర్తున్నాయి. లేచి పరీక్షకు వెళ్లింది.

ముందు కనకయ్యను పిలిచారు. వావిలాకు పెడితే తులసి అన్నాడు. వేపాకు పెట్టినా తులసే అన్నాడు.

"నువ్వు చెబుతున్నది ఆకు వాసన కాదు నాయనా, నీ మూతి వాసన," అన్నాడు ఏనుగు తాత.

చిగురు ఒకచోట తడబడినా, ఆలోచించుకుని అన్నీ సరిగ్గా చెప్పింది. వైద్యం దానికే అప్పగించారు. కనకయ్య తోక ముడుచుకుని పొదల్లోకి జారుకున్నాడు.

మనసుకు నెమ్మది కుండలో దొరకవచ్చు గానీ, చదువు మాత్రం చదివితేనే వస్తుంది.