వాగవతలికి పోయిన కాపలా కుక్క

మంద బాధ్యత గంటడి మెడకు పడ్డ రోజున లెక్క ఇది: గొర్రెలు ఎనభై ఆరు, పిల్లలు పంతొమ్మిది, మేకలు తనతో కలిపి ఏడు, గాడిద ఒకటి, కుక్క ఒకటి. మొత్తం నూట పద్నాలుగు ప్రాణాలు. కాపరి సుంకన్నను లెక్కలో వేయలేదు. ఆయన తప్పిపోతే మందను వెతుక్కుంటూ తనే వస్తాడు.

గంటడు మేకపోతు. కొమ్ములు ఇంకా బెత్తెడు దాటలేదు. అయినా మందకు ముందు నడిచే మేకకు కట్టే గంట మొన్ననే వాడి మెడలోకి వచ్చింది. గొర్రెలు తలెత్తి దారి చూడవు. గంట ఎటు మోగితే అటు నడుస్తాయి. వాడికి ఈ పని తెగ నచ్చింది. పొద్దున ఒకసారి, సాయంత్రం రెండుసార్లు అందరినీ లెక్కపెట్టేవాడు. మధ్యలో ఎవరైనా కదిలితే మళ్లీ మొదటికి వచ్చేవాడు.

అప్పుడు మంద వాగు ఒడ్డున, కోసిన జొన్నచేలో దిగి ఉంది. ఎరువు కోసం రైతే పిలిచి దింపించుకున్నాడు. పగలు పెద్దవన్నీ మేతకు పోతే, ఎక్కువ దూరం నడవలేని పిల్లలు తడికల దొడ్డిలో ఉండేవి. వాటికి కాపలా బూడిదోడనే కుక్క. ముందుకాళ్లకు బంధం వేసిన ముసలి గాడిద కూడా అక్కడే ఉండేది కానీ, దాన్ని ఎవరూ కాపలా కింద జమకట్టలేదు.

ఒక శుక్రవారం పొద్దున మంద నీళ్లు తాగుతుంటే అవతలి గట్టు మీద నక్క కనబడింది. గొర్రెలు బెదిరి వెనక్కి తగ్గాయి.

"భయపడకండమ్మా, ఈ పూట ఆకల్లేదు," అంది నక్క. "ఒక్క మాట చెప్పి పోదామని వచ్చా. అల్లుడూ, నిన్న మీ కుక్క సంతకు పోయిందా?"

"సుంకన్నతో పోయాడు. అయితే?" అన్నాడు గంటడు.

"కోళ్ల అంగడి వెనక ఒక కుక్క దగ్గుతూ పడుంది. నా గురువారం భోజనం అక్కడే లే, అందుకే చూశా. ముక్కు కారుతోంది, వెనక కాలు దానంతటదే కొట్టుకుంటోంది. మీవాడు పనిగట్టుకుని పోయి మరీ పలకరించాడు."

గంటడి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అంటుజబ్బా మామా?"

"అంటుకుందంటే మందకు మందే పోతుంది. పద్నాలుగు రోజులు దూరం పెడితే బయటపడొచ్చు. నాదేం పోయింది, పిల్లలున్నవాళ్లు కదా అని చెప్పా."

"నేను ఎప్పుడో అన్నాను," అంది ఒక ముసలి గొర్రె. ఏమన్నదో ఎవరికీ గుర్తులేదు, దానికి కూడా.

గంటడు దొడ్డి దగ్గరికి పరుగెత్తాడు. బూడిదోడు ఒక పిల్ల మూతి శుభ్రం చేస్తున్నాడు.

"అన్నా, వదులు దాన్ని! నిన్న సంతలో దగ్గే కుక్క దగ్గరికి పోయావా?"

"పోయా. పాపం, ఏ ఊరివాడో."

"ఎంత దగ్గరికి? మూడు బారలా? రెండా?"

"బారలేంట్రా? తోక కింద వాసన చూశా."

గంటడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "ఎందుకన్నా? ఎందుకు చూశావు?"

"కొత్తవాడు కనబడితే పలకరించొద్దూ? నువ్వైతే ఏం చేస్తావ్, పొడుస్తావా?"

"పొడుస్తా! పొడిస్తే జబ్బు రాదు! ఇవాళ్టి నుంచి పద్నాలుగు రోజులు వాగవతల తుమ్మచెట్టు కింద ఉండు. నలభై బారలు. ఒక్క బార కూడా తగ్గకూడదు."

"బాగానే ఉన్నా కదరా. పిల్లల్ని ఎవడు చూస్తాడు?"

"పిల్లల కోసమే చెప్తున్నా."

ఆ మాటకు బూడిదోడు పిల్లను వదిలేసి లేచాడు. తన గోనెపట్టాను పళ్లతో పట్టుకుని వాగు దాటాడు. వాడికి ఆ నీడ నచ్చిందేమోననుకుని, సుంకన్న సంకటి గిన్నెను కూడా అక్కడికే చేర్చాడు.

మూడో రోజు బూడిదోడు తుమ్మాడు.

"దుమ్మురా! పక్క చేను దున్నుతున్నారు, కనబడట్లా?" అని అవతలి నుంచి అరిచాడు.

"తుమ్ము తుమ్మే! మళ్లీ ఒకటి నుంచి!"

"మరి గడిచిన రెండు రోజులు?"

"పోయినట్టే!"

అయిదో రోజు మళ్లీ తుమ్మాడు. ముక్కులో ఈగ దూరిందన్నాడు. గంటడు ఈగను కూడా ఒప్పుకోలేదు. రెండు రోజులకొక తుమ్ము చొప్పున సాగితే పద్నాలుగు ఎప్పటికీ రాదని వాడికి తట్టకపోలేదు. కానీ కూడికలో తప్పేమీ లేదు కదా అనుకున్నాడు.

ఆ సాయంత్రం నక్క మళ్లీ వచ్చింది. "నలభై బారలేం సరిపోతాయి అల్లుడూ? గాలి అటు నుంచే కదా వీస్తోంది. తుమ్మచెట్టు దాటి ఆ గుట్ట వెనక్కి పంపించు. ఆ గిన్నె, ఆ గోనె ఇక ముట్టొద్దను."

బూడిదోడు వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగాడు. "అక్కడి నుంచి మొరిగితే మీకు వినబడుతుందా?"

"గట్టిగా మొరుగు," అన్నాడు గంటడు. "దగ్గు మాత్రం వద్దు."

సుంకన్న అలవాటు కొద్దీ సంకటిని తుమ్మచెట్టు కింద గిన్నెలోనే పెట్టి పోయేవాడు. గిన్నె రోజూ ఖాళీ అవుతోంది కాబట్టి కుక్క తింటోందనే అనుకున్నాడు.

ఎనిమిదో రోజు సాయంత్రం మేత నుంచి వచ్చి లెక్కపెడితే పిల్లలు పంతొమ్మిదీ ఉన్నాయి. ఒకదానికి మాత్రం ఒక చెవి సగమే ఉంది. నెత్తురు మెడ దాకా కారి ఎండిపోయింది. దాని తల్లి గంటడి వైపు చూసింది.

గంటడు గాడిద దగ్గరికి ఉరికాడు. "తాతా, ఏం జరిగింది?"

"నక్క వచ్చింది. తడిక సందులోంచి చెవి పట్టి లాగింది. గెంతుకుంటూ పోయి ఒక్క తన్ను తన్నా. కుంటుకుంటూ పోయింది."

"ఇదివరకు వచ్చిందా?"

"మూడు రోజులుగా వస్తోంది. మధ్యాహ్నం కుక్క గిన్నెలో సంకటి తింటుంది, గోనెపట్టా మీద కునుకు తీస్తుంది, లేచి తడికలు చూసుకుని పోతుంది. ఇవాళ సందు దొరికింది."

"మూడు రోజులా! నాకు చెప్పలేదేం?"

"చెప్పబోయా. లెక్కపెడుతున్నా, మాట్లాడొద్దన్నావు. మూడు రోజులూ అన్నావు."

గంటడు తెగిన చెవి వైపు చూశాడు. "కుక్కను పిలుద్దామంటే జబ్బాయె," అన్నాడు.

"వాడికి ఆ జబ్బెందుకు వస్తుంది?" అంది గాడిద, గడ్డి నములుతూనే. "పోయిన వానాకాలం సుంకన్న వాణ్ణి నా వీపు మీద పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాడు. దగ్గి, కాలు కొట్టుకునే ఆ జబ్బు రాకుండానే రెండుసార్లు సూది వేశారు. డాక్టరమ్మ అప్పుడే చెప్పింది, ఇది కుక్కలకీ, నక్కలకీ, తోడేళ్లకీ వచ్చేది, గొర్రెలకూ మేకలకూ రాదని. నేను కిటికీ పక్కనే ఉన్నా."

గంటడు తడికకేసి తల బాదుకున్నాడు. మెడలో గంట మోగింది. పడుకున్న గొర్రెలు ఎనభై ఆరూ లేచి బయల్దేరడానికి నిలబడ్డాయి.

"కూర్చోండి!" అని అరిచాడు గంటడు. "ఎక్కడికీ పోవట్లేదు!"

మర్నాడు తెల్లవారగానే అవతలి గట్టు మీద నక్క ప్రత్యక్షమైంది. "ఏం అల్లుడూ, అంతా క్షేమమేనా? కుక్కను ఇంకాస్త..."

"అక్కడే ఆగు మామా," అన్నాడు గంటడు, గాడిద పక్కన నిలబడి. "పది బారలు వెనక్కి జరుగు."

"నేనా? ఎందుకు?"

"మావాడి గిన్నెలో మూడు రోజులు తిన్నావు. గోనెపట్టా మీద పడుకున్నావు. వాడు తుమ్మిన రెండుసార్లూ దాని మీదే తుమ్మాడు."

"ఆ గిన్నె మొహం కూడా చూడలేదు నేను!"

"మీసాలకు సంకటి అంటింది."

నక్క గబుక్కున నాలుకతో తుడిచేసుకుంది. తర్వాత నాలుక్కరుచుకుంది. "సర్లే, తిన్నా. కుక్కల జబ్బు నన్నేం చేస్తుంది?"

"తాతా, డాక్టరమ్మ ఏమందో చెప్పు."

గాడిదను ఒకరు సాక్ష్యం అడగడం అదే మొదలు. అది మెడ చాచి, ఆ రోజు పడ్డ వాన దగ్గర నుంచి మొదలుపెట్టింది. తర్వాత దారిలో గుంతలు, తర్వాత ఆసుపత్రి గేటు రంగు.

"తాతా! అసలు సంగతి!"

"నక్కలకూ వస్తుంది," అంది గాడిద. "సూది వేయించుకోకపోతే."

"మావాడికి రెండు పడ్డాయి," అన్నాడు గంటడు. "నీకెన్ని మామా?"

నక్క ముంగాలితో ముక్కు తడుముకుంది. "అల్లుడూ, ముక్కు తడిగా ఉంటే మంచిదా, చెడ్డదా?"

"కారితే చెడ్డదని నువ్వే చెప్పావు."

"వెనక కాలు కూడా నిన్నటి నుంచి లాగుతోంది."

"అది నేను..." అనబోయింది గాడిద. గంటడు దాని కాలు తొక్కాడు.

"ఎన్ని రోజులు?" అంది నక్క, సన్నని గొంతుతో.

"పద్నాలుగు. ఎవరికీ దగ్గరగా పోకుండా. తుమ్మితే మళ్లీ ఒకటి నుంచి."

నక్క అక్కడికక్కడే తుమ్మింది, దుమ్ముకో, భయానికో. తోక కాళ్ల మధ్య ఇరికించుకుని పొదల్లో పడి పరుగెత్తింది. ఎదురొచ్చిన సొంత తమ్ముణ్ణి "దగ్గరికి రావద్దురా!" అని అరవడం వాగు ఇవతలికి కూడా వినబడింది.

గంటడు నీళ్ల అంచున నిలబడ్డాడు. బూడిదోడితో ఏమనాలి? 'అన్నా, జబ్బు లేదట' అందామనుకున్నాడు. అది తప్పించుకునే మాట. 'నక్క మోసం చేసింది' అనుకున్నాడు. అదీ సగమే. తెగిన చెవి సంగతి కూడా చెప్పాలి, అదే ముందు చెప్పాలి. గుట్ట వెనక నుంచి మొరుగు వినబడట్లేదు. బూడిదోణ్ణి తనే పిలుచుకురావడానికి గంటడు ముంగాలు నీళ్లలో పెట్టాడు.

అంటుజబ్బు మాట చెవిన పడితే, ఎంత దూరం పెట్టాలో కొలిచే ముందు, ఆ మాట తెచ్చింది ఎవరో, దాని సంగతి నిజంగా తెలిసింది ఎవరికో కనుక్కోవాలి.