లంకకు మంత్రసాని

గోదారి ఎగువన తోడేళ్లకీ అడవికుక్కలకీ యుద్ధం మొదలైంది. ఆ గొడవ కోళ్ల లంకదాకా రావడానికి ఇంకా పక్షం రోజులు పడుతుంది. అయినా లంక అధికారి నక్క జంబయ్య ఆదరాబాదరాగా దండోరా వేయించాడు.

"ఆడవాళ్లూ పిల్లలూ రేపే పడవెక్కి దిగువ లంకకి పోవాలి. మగవాళ్లు ఇక్కడే పనిచెయ్యాలి. లంకకి అవసరమైన ఆడవాళ్లు మాత్రం ఉండొచ్చు."

కోడిపెట్ట చుక్కమ్మ గుండె జారిపోయింది. గూట్లో తొమ్మిది గుడ్లున్నాయి. ఇంకా వారం పొదగాలి. లేచిందా, చల్లబడి చచ్చిపోతాయి.

"వారం ఆగండి బాబూ!"

"గుడ్లు ఆర్డరులో లేవమ్మా," అన్నాడు జంబయ్య.

"మరి మీ ఆవిడ సింగారమ్మగారు అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారేంటండి?" అన్నాడు చుక్కమ్మ మొగుడు, పుంజు కాశన్న.

"ఆవిడ లంక మంత్రసాని. అవసరమైన ఉద్యోగం!"

లంకంతా భగ్గుమంది. మా కొంపలు బోసిపోవాలి, ఆయన కొంప కళకళలాడాలా! పడవ పగలగొడదామన్నారు కొందరు. ఎద్దు బసవయ్య అడ్డుపడ్డాడు. "పడవేం చేసిందిరా? ఎప్పటికైనా మనకే కావాలి."

చుక్కమ్మ మాత్రం కిసుక్కున నవ్వింది. గుడ్లు పెట్టే లంకకి మంత్రసానిని వేసిన మహానుభావుడు మరి! చుట్టుపక్కల పెట్టలన్నిటినీ పిలిచి చెవిలో ఏదో చెప్పింది.

తెల్లారగానే ఓ పెట్ట మొదలెట్టింది. "అమ్మో, నొప్పులు! మంత్రసానమ్మా!"

"పురుళ్లు పడుతుంటే పడవెలా కదులుద్దండీ?" అన్నాడు కాశన్న అమాయకంగా.

సింగారమ్మకి వెళ్లక తప్పలేదు. వెచ్చటి గుడ్డు చేతిలో పడేసరికి నోరూరింది. పక్కనే బసవయ్య కొమ్ములు విదిలిస్తూ నిలబడ్డాడు, సాయానికట! అంతలో ఇంకో గూట్లోంచి కేక, ఆ వెనకే మరోటి. మధ్యాహ్నానికి ముప్పై పురుళ్లయ్యాయి. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి, ఒక్క గుడ్డు మింగే వీల్లేదు.

"ఇక నావల్ల కాదు!" అని కూలబడింది.

"మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలమ్మా," అంది చుక్కమ్మ, గూట్లోంచి కదలకుండానే.

"నేనెప్పుడు ఒప్పుకున్నాను? నన్ను దగ్గరుంచుకోడానికి మా ఆయన రాసుకున్నాడు!"

లంకంతా విన్నది. జంబయ్య తోక ముడిచాడు. అక్కడికక్కడే ఆర్డరు మార్చాడు: ఇప్పటికే పొదుగుతున్న గుడ్లు పిల్లలయ్యాకే ప్రయాణం, మొగుడూ పెళ్లాం కలిసే, ఎవరికీ మినహాయింపు లేదు.

వారానికి తొమ్మిది గుడ్లూ పిల్లలయ్యాయి. పడవ నిండుగా కదిలింది. జంబయ్య దంపతుల్ని బసవయ్య పక్కన కూర్చోబెట్టారు. చుక్కమ్మ రెక్కల కింద తొమ్మిదీ కిచకిచలాడుతుంటే కాశన్న గొంతెత్తి కూశాడు.

నలుగురికీ ఇచ్చే ఆజ్ఞ ముందు తన గడపలోనే అమలు కావాలి.