గవరయ్య కొరికిన పాత ట్యూబు

అనగనగా ఒక అడవి, ఆ అడవిని ఆనుకుని ఒక ఘాట్ రోడ్డు. రోడ్డు మలుపులో లారీలు ఆగేవి. మనుషులు దిగి, తిని, తాగి, చేతిలో ఉన్నది కిందికి విసిరేసి వెళ్లిపోయేవారు. ఎందుకలా విసురుతారో అడవిలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. మనుషులకైనా తెలుసో లేదో. సరే, ఆ మలుపు కింద ఒక రాతి గుహలో గవరయ్య అనే ముళ్లపంది కాపురం ఉండేవాడు. భార్య పేరు పైడమ్మ. వాళ్లకు ఇద్దరు పిల్లలు.

ముళ్లపందులు పగలంతా నిద్రపోతాయి. గవరయ్యకు మాత్రం కన్ను మూతపడేది కాదు. అతనికి బొంగరాల పిచ్చి. ఎవరూ చెక్కమని అడగలేదు. అమ్ముకునేది లేదు, పంచిపెట్టేది లేదు. ఊరికే సరదా. సరదా పనికే కదా, పిల్లలూ, నిద్ర ఎక్కువ చెడేది!

ముళ్లపంది పళ్లు ఎంత గట్టి కర్రనైనా కొరుకుతాయి. కానీ బొంగరానికి ఉండాల్సిన నునుపు పళ్లతో రాదు. పనిముట్లు కావాలి. అందుకని గవరయ్య మలుపు దగ్గర పడి ఉన్న పాత సామాన్లన్నీ వెతికేవాడు. ఏది కనిపించినా ముందుకాలితో మూడుసార్లు తట్టేవాడు.

"ఏమోయ్, నువ్వు నాకెందుకు పనికొస్తావు?" అని అడిగేవాడు.

వస్తువులు మాట్లాడవు కాబట్టి జవాబు కూడా తనే చెప్పుకునేవాడు.

మొదట ఒక విరిగిన గొడుగు దొరికింది. దాని కమ్మిని రాతి మీద అరగదీసి, కర్రకు బెజ్జం వేసే పనిముట్టు చేశాడు. తర్వాత పొరుగున ఉండే ఉడుము దాలయ్య ఇంటి ముందు ఒక హవాయి చెప్పు కనిపించింది.

"దాలయ్యా, ఇది నీకు కావాలా?" అని అడిగాడు గవరయ్య.

"నాకెందుకు బావా? రెండో చెప్పు దొరికినా తొడుక్కోవడానికి నాకు నాలుగు కాళ్లు!" అని నవ్వాడు దాలయ్య.

ఆ చెప్పును ముక్కలుగా కోసి, మలుపు దగ్గరే దొరికిన రంపపు బ్లేడు ముక్కకు పిడి అమర్చాడు. పట్టుకుంటే ఎంత మెత్తగా ఉందో!

అయినా మనసు నిలిచిందా? లేదు. ఒక పనిముట్టు కుదరగానే ఇంకొకటి లేదని గుర్తొచ్చేది. చెక్కుతుంటే కర్ర జారిపోతోంది. దాన్ని బిగించి పట్టే సాధనం కావాలి. గవరయ్య లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. అటు పోతే ముళ్లు గలగల, ఇటు వస్తే గలగల.

"కూర్చున్న చోట కుదురుగా కూర్చోలేవా?" అంది పైడమ్మ. "నీ చప్పుడుకి పిల్లలు లేచిపోతున్నారు. ఎలాగూ నిద్ర చెడింది. ఇదిగో, మా అక్కకి నెలలు నిండాయి. వాగు దాటి వెళ్లి చూసొస్తాం. సాయంత్రానికి వచ్చేస్తాం. కాన్పు వేళకి మళ్లీ వెళ్లాలి, పక్కన ఇంకెవరూ లేరు దానికి. ఏమయ్యా, వింటున్నావా?"

"ఊఁ" అన్నాడు గవరయ్య, కర్రను చూస్తూ.

పైడమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లింది. కాసేపటికి గవరయ్య నీళ్లు తాగడానికి వాగుకు వెళ్లాడు. వాగు మీద వంతెనలా రెండు దుంగలు పక్కపక్కన ఉన్నాయి. వాటి చుట్టూ ఒక పాత సైకిలు ట్యూబు చుట్టి ఉంది. నల్లగా, బురద పట్టి, అక్కడక్కడా చీకిపోయి ఉంది.

గవరయ్య మూడుసార్లు తట్టాడు. "ఏమోయ్, నువ్వు నాకెందుకు పనికొస్తావు?"

"బిగించి పట్టడానికి!" అని తనే అరిచాడు.

ఎవరు చుట్టారో దాలయ్యను అడుగుదామా అనుకున్నాడు. దాలయ్య ఇల్లు ఎంతో దూరం లేదు. కానీ అంతవరకు ఎవరాగుతారు? ముడి విప్పే ఓపిక కూడా లేదు. ముడికి ఇటూ అటూ పటుక్కున కొరికేశాడు.

ట్యూబు భలేగా పనిచేసింది. కర్ర ఇంచుకైనా కదల్లేదు. ఇటు బొంగరం తయారవుతోంది, అటు కొండ మీద వాన పడుతోంది. సాయంత్రం దాలయ్య వచ్చాడు.

"అబ్బ, ఏం నునుపు బావా! అది సరే గానీ, ఈ ట్యూబు ఎక్కడిది?"

"వాగు దగ్గరది. చీకిపోయిన పాత సరుకులే."

"దుంగలకు చుట్టినదా? ఓరి నాయనో! అది లేకపోతే దుంగలు చెరో దారి పడతాయి కదా!"

గవరయ్య ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. ట్యూబు లాక్కుని మెడలో వేసుకుని పరుగెత్తాడు. వెనకాలే దాలయ్య.

వాగు ఎర్రగా పొంగుతోంది. పెద్దపిల్ల ఒడ్డుకు చేరింది. చిన్నది మాత్రం వాగు నడుమ కేకలు వేస్తోంది. దుంగలు విడిపోయి మళ్లీ కలిసినప్పుడు దాని వెనక కాలు మధ్యలో ఇరుక్కుంది. ముళ్లపంది తల్లి పిల్లల్ని వీపున ఎక్కించుకోలేదు, ఎందుకో మీకే తెలుసు. పైడమ్మ పిల్ల మెడ నోట కరిచి పట్టుకుని ఉంది.

గవరయ్య నీళ్లలోకి దూకి దుంగకు భుజం ఆనించి నెట్టాడు. దాలయ్య ఒక దుంగను గోళ్లతో పట్టాడు. ఉడుము పట్టంటే చెప్పేదేముంది! సందు కాస్త తెరుచుకోగానే పైడమ్మ పిల్లను లాగేసింది. నలుగురూ ఒడ్డున పడ్డారు. పిల్ల కాలు వాచిపోయింది.

అప్పుడు పైడమ్మ గవరయ్య మెడలోని ట్యూబును చూసింది.

"ఆ కట్టు నువ్వు తెంపావా?"

"పాతది కదా అని... ఎవరిదో తెలియలేదు."

"నాది" అంది పైడమ్మ. "మలుపు దగ్గర నీకంటే ముందు నాకే దొరికింది. ప్రతి వానాకాలానికి ముందు నేనే విప్పి, బిగించి కడుతున్నాను. నువ్వు బొంగరాలు చెక్కుకుంటున్నావని పిలవలేదు."

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది గవరయ్యకు. ట్యూబు తిరిగి చుట్టబోతే చాల్లేదు. కొరికిన దగ్గర పొట్టిదైపోయింది. అడవితీగలు కడితే వాగు తెంపేసింది. దుంగలు కొట్టుకుపోయాయి.

కొన్నాళ్లకు పైడమ్మ అక్క ఒంటరిగానే ప్రసవించింది. పిల్లను ముక్కుతో నెట్టుకుంటూ అవతలి ఒడ్డుకు తెచ్చి చూపించింది. పైడమ్మ ఇవతల నిలబడి గొంతెత్తి అడిగింది.

"అక్కా, ఎలా ఉన్నావే? పిల్ల పాలు తాగుతోందా?"

అక్క ఏదో చెప్పింది. వాగు హోరులో ఒక్క ముక్కా వినపడలేదు. పైడమ్మ మళ్లీ అడిగింది. గవరయ్య తల వంచుకుని ఆమె పక్కనే నిలబడ్డాడు.

నీతి: పాతదైనంత మాత్రాన ఏ వస్తువూ దిక్కులేనిది కాదు, చేయి వేసే ముందు అది ఎవరికి ఆసరాగా ఉందో అడిగి తెలుసుకోవాలి.