పండితులవారి అనుపానం

కాలి బొటనవేలి నొప్పి తగ్గిన ఆనందంలో గొంకభూపతి ఒకరోజు నిండుసభలో పెద్ద మాటే అనేశాడు. ఈ ఏడు ఖజానాలో మిగిలిందంతా రాజ్యంలో రోగాలు పోగొట్టడానికే ఖర్చు పెడతానన్నాడు.

సభ అంతా భళీ అంది. కోశాధికారి ఒక్కడే అనలేదు. మెల్లిగా లేచి, వరసగా రెండేళ్ళు వానలు సరిగా పడలేదనీ, ఉన్నది ఏదో ఒక్క పనికి మాత్రమే సరిపోతుందనీ మనవి చేసుకున్నాడు.

రాజు కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"అయితే అన్నిటికన్నా పెద్ద రోగం ఏదో తేల్చండి. దానికే ఇస్తాను. పున్నమి దాకా గడువు."

మర్నాటి నుంచి కోటలో ఆరోగ్యంగా ఉన్నవాడు కనబడితే ఒట్టు. సేనాపతి తన మోకాళ్ళ నొప్పి దేశరక్షణకే ముప్పన్నాడు. రాజమాత తనకు నిద్ర పట్టడం లేదని కబురు పంపింది. ఆస్థానకవి గొంతు బొంగురుపోయిందని సైగలతోనే మాట్లాడసాగాడు.

వీళ్ళందరినీ రాజవైద్యుడు విరూపాక్ష పండితుడు ఒక్క మాటతో పక్కకు నెట్టేశాడు. ఆయన చదువుకు వంక పెట్టేవాళ్ళు లేరు. ఆ సంగతి ఆయనే అందరికీ చెబుతూ ఉంటాడు. బంగారాన్ని పుటం పెట్టి తాను చేసే భస్మం అన్ని రోగాలనూ కుదురుస్తుంది కాబట్టి, పెద్ద రోగమేదో వెతకాల్సిన పనే లేదన్నాడాయన. రాజుకు ఈ మాట తెగ నచ్చింది, భస్మానికని బంగారం తీసి ఉంచమన్నాడు. బొటనవేలిని నయం చేసింది కూడా ఆ చెయ్యే కదా.

ఆ రోజుల్లోనే కొలువులోని విదూషకుడు మాచన నూనె కోసం కోట దిగి గాండ్లపేటకు వెళ్ళాడు. గానుగ పుల్లమ్మ అతన్ని ఎప్పుడూ ఏదో ఒకటి అని ఆటపట్టించే మనిషి. ఆ రోజు తలెత్తలేదు. మొన్నటి తొలకరికి వాంతులూ భేదులూ పట్టుకుని ఆమె చంటిపిల్ల పోయింది. పక్కింట్లోనూ అదే కథ. పేట మొత్తానికి ఒకటే కాలువ. ఎగువన గేదెలు పడుకుంటాయి, దిగువన కుండలు ముంచుకుంటారు. బావి తవ్వుకుందామంటే అడుగున బండ. రాళ్ళు కొట్టేవాళ్ళను పిలిపించుకునే స్తోమత ఆ పేటకు లేదు.

"రాజుగారికి నవ్వొచ్చే మాటలు చెబుతావంటగా మాచనయ్యా," అంది పుల్లమ్మ. "ఏడుపొచ్చేవి చెప్పకూడదా?"

మాచన నూనె సంగతే మరిచిపోయి వెనక్కి నడిచాడు. ఏడిపిస్తే రాజు ఆ పూటకు ఏడుస్తాడు, మర్నాటికి మరిచిపోతాడు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. తన విద్యతోనే ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాడు.

పున్నమినాడు సభ కిటకిటలాడింది. పండితుడు వెండి భరిణెలో కాస్త భస్మం మచ్చుకు తెచ్చాడు. అందరికన్నా ముందు మాచనే లేచి, ఇంతటి మందు ఇంకెక్కడా లేదని పొగిడాడు. పండితుడే ఆశ్చర్యపోయాడు. మాచన కోరింది ఒక్కటే. జనానికి నమ్మకం కుదరాలంటే, తొలి మోతాదు పండితులవారే సభలో అందరి ముందూ వేసుకోవాలి.

పండితుడు ఉప్పొంగిపోయి సరేనన్నాడు.

"మరి దీనికి అనుపానం ఏమిటండీ? తేనెతో తీసుకోవాలా, పాలతోనా?"

"నీళ్ళు చాలయ్యా," అన్నాడు పండితుడు.

మాచన సైగ చేశాడు. సేవకుడు మట్టికుండ తెచ్చి లోటాలోకి వంచాడు. గోధుమరంగు నీళ్ళు. పైన ఏవో ఆకుముక్కలు తేలుతున్నాయి.

"ఇవేం నీళ్ళు?" అన్నాడు పండితుడు.

"గాండ్లపేట కాలువ ఎప్పుడు చూసినా ఈ రంగులోనే ఉంటుందండీ. అక్కడివాళ్ళు తమరి మందు వేసుకోవాల్సింది ఆ కాలువ నీళ్ళతోనే కదా."

పండితుడు ఉత్తరీయంతో ముక్కు మూసుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు. అన్ని రోగాలకూ మందు చేతిలోనే ఉండగా భయమెందుకని రాజు అడిగాడు. పండితుడికి చెమటలు పట్టాయి.

"ప్రభూ, ఇలాంటి నీళ్ళు తాగేవాడికి ఏ మందు వేసినా వృథా. ముందు మంచినీళ్ళు ఇప్పించండి. మందు సంగతి తరవాత."

మాచన రాజు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"పండితులవారే తేల్చేశారు ప్రభూ. ముందు మంచినీళ్ళు, తరవాత మందు."

రాజు నవ్వబోయాడు. కానీ మాచన పుల్లమ్మ చంటిపిల్ల గురించి చెప్పేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. ఏటా తొలకరికి పేటలో ఇదే జరుగుతోందన్నాడు. సేనాపతి మాత్రం, మరి తన మోకాళ్ళ మాటేమిటని గొణిగాడు.

"మీ నొప్పి నిజమే దొరా. కానీ మోకాళ్ళు వచ్చే ఏడు దాకా ఆగుతాయి. ఆ పిల్లలు ఆగరు."

రాజు ఇక ఆలోచించలేదు. భస్మానికి తీసి ఉంచిన బంగారంతో రాళ్ళు కొట్టేవాళ్ళను పిలిపించి, గాండ్లపేటతో మొదలుపెట్టి కాలువ వెంట ఉన్న పేటలన్నిటికీ బావులు తవ్వించమని ఆజ్ఞ ఇచ్చాడు.

అది విని మాచన హాయిగా ఊపిరి పీల్చుకుని, లోటా ఎత్తి గటగటా తాగడం మొదలెట్టాడు. పండితుడు ముక్కు సంగతి మరిచిపోయి ఒక్క ఉరుకున వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగవయ్యా, చస్తావు."

మాచన మూతి తుడుచుకున్నాడు.

"పానకం తాగి ఎవరైనా చచ్చారా అండీ? పైన వేసింది తులసి. తమరు ముక్కు మూసుకోకపోతే యాలకుల వాసన తగిలేది."

సభ ఘొల్లుమంది. పండితుడు లోటా లాక్కుని వాసన చూశాడు. ఒక గుక్క తాగి చూశాడు. ఆపైన తనూ నవ్వాపుకోలేకపోయాడు.

రాజు తన చేతి కంకణం తీసి మాచనకు తొడిగాడు. బావుల పని చూసుకునే బాధ్యత మాత్రం పండితుడికే అప్పగించాడు. పానకాన్ని చూసే నాలుగడుగులు వెనక్కి వేసినవాడు మురికినీళ్ళను పిల్లల దాకా రానిస్తాడా అన్నాడు.